గాలిని కోస్తున్న మిషను

ఆ ఇంటి వెనకున్న రేకుల షెడ్డుకి మంచి పేరు లేదు.

పగలు చూస్తే అందులో భయపడాల్సిందేమీ కనిపించదు. చీకటి పడితే మాత్రం పక్క సందులో నడిచేవాళ్ళ కాళ్ళకి ఎక్కడలేని తొందర వస్తుంది. ఊరంతా పడుకున్నాక లోపల్నించి ఒక శబ్దం... జ్‌ర్‌ర్‌ర్... ఆగుతుంది. మళ్ళీ జ్‌ర్‌ర్‌ర్... మళ్ళీ ఆగుతుంది. ఎవరో మధ్యమధ్యలో ఊపిరి పీల్చుకుంటూ, దేన్నో ఓపిగ్గా గీకుతున్నట్టు.

అది ఆ ఇంటి పెద్దాయనేనంటారు. గడియారాలు బాగుచేసుకుంటూ బతికిన ఆయన, సరదా కొద్దీ కంప్యూటర్‌తో నడుస్తూ లోహపు కడ్డీల్ని చెక్కే చిన్న లేత్ మిషనొకటి తన చేతులతో కట్టుకున్నాడు. ఆయన పోయింది ఆసుపత్రిలోనే. కానీ చెప్పుకోవడానికి బాగుంటుందని షెడ్డులోనే పోయాడంటారు.

ఆయన చిన్నకోడలికి ఈ మాటల మీద నమ్మకం లేదు. దెయ్యమంటే భయమూ లేదు. ఆవిడ బాధల్లా తోడికోడలే.

చుట్టాలొస్తే పెద్దకోడలు లేత్ మీద చేసిన ఇత్తడి పిడుల్ని చేతుల్లో తిప్పి తిప్పి చూస్తారు. చిన్నకోడలు చేసినవాటిని, "కొలత బాగా కుదిరిందమ్మా," అని పక్కన పెట్టేస్తారు. ఆ మాట ఆవిడకి ముల్లులా దిగేది.

లెక్కల్లో చురుకు తనదే మరి. ఇత్తడి కడ్డీని ఒక్కసారే లోతుగా కోయబోతే, కోసే టూల్ విరిగిపోతుంది. కోతకి సున్నా పాయింట్ మూడు మిల్లీమీటర్లు తియ్యాలి, వెనక్కి రావాలి, ఇంకొంచెం లోపలికి జరిగి మళ్ళీ కొయ్యాలి, ఆఖర్న నునుపు కోసం పల్చటి కోత ఒకటి. ఇదంతా మిషనుకి ముందే ప్రోగ్రాములో రాసిపెట్టాలి. చిన్నావిడ నోటిలెక్కతో రాసిపడేస్తుంది. పెద్దావిడ వేళ్ళు మడుచుకుంటూ కూర్చుంటుంది. అయినా పేరు మాత్రం పెద్దావిడకే.

ఒకరి సెట్టింగు ఒకరు మార్చేసి రోజూ వాదులాడుకుంటుంటే అత్తగారికి విసుగొచ్చింది. తన చేతికర్రకి ఇత్తడి పిడి కావాలంది. మర్నాడు ఇద్దరూ చెరొకటి చేసి చూపించాలి. ఎవరిది బాగుంటే షెడ్డు వాళ్ళది. రెండోవాళ్ళు ఇక ఆ గడప తొక్కకూడదు.

ఆ రాత్రి చిన్నకోడలికి కంటిమీద కునుకు లేదు. ఇన్నాళ్ళూ వినిపిస్తున్న శబ్దం పెద్దావిడ దొంగచాటు సాధనేనని ఆవిడకి ఎప్పట్నుంచో గట్టి అనుమానం. అలాంటప్పుడు తనొక్కతే నీతిగా ఎందుకుండాలి? అక్కయ్య ప్రోగ్రాములో ఒక్క చుక్క తీసేస్తే చాలు. సున్నా పాయింట్ మూడు కాస్తా మూడైపోతుంది. మొదటి కోతకే టూల్ పుటుక్కు...

చెప్పులు చేత్తో పట్టుకుని పెరట్లోకి దిగింది.

జ్‌ర్‌ర్‌ర్...

ఆవిడ ఉన్నచోటే నిలబడిపోయింది. ఒళ్ళంతా చెవులు చేసుకుంది. శబ్దం షెడ్డులోంచే.

భయం వెయ్యలేదు. కడుపు రగిలింది. ఆ చీకట్లో నిలబడి, లోపలుంటే దెయ్యమే ఉండాలి గానీ అక్కయ్య మాత్రం కాకూడదని ఆవిడ దేవుడికి దణ్ణం పెట్టుకుందట.

తలుపు మెల్లగా తోసింది.

లోపల ఎవరూ లేరు... మిషను తెర ఒక్కటే నీలంగా వెలుగుతోంది. కడ్డీని పట్టుకునే చక్ గిర్రున తిరుగుతోంది. టూల్ ముందుకెళ్ళి, వెనక్కొచ్చి, మళ్ళీ ముందుకెళ్తోంది. కానీ చక్‌లో కడ్డీ లేదు. మిషను గాలిని కోస్తోంది.

తెర దగ్గరికి వంగింది. అది తన ప్రోగ్రామే. టూల్ మళ్ళీ వెనక్కొచ్చి లోపలికి జరిగింది. ఆ జరిగిన తీరు చూడగానే తెలిసిపోయింది. అది సున్నా పాయింట్ మూడు కాదు. మూడు.

ఎవరో తన చుక్క తీసేశారు.

అప్పుడే చల్లటి చెయ్యి ఒకటి భుజం మీద పడింది.

"అరవకు. నేనే."

మూలనున్న బీరువా చాటునుంచి వచ్చిన పెద్దకోడలు మిషను ఆపేసి తల దించుకుంది. చెడగొట్టడానికే వచ్చింది. కానీ పని తెలిసిన మనిషాయె... కొత్త అంకె వేశాక కడ్డీ లేకుండా ఒకసారి నడిపి చూడకపోతే ప్రాణం ఊరుకోలేదట. అడుగుల చప్పుడు విని దాక్కుంది. చిన్నకోడలికి తిట్టాలనే ఉంది గానీ, తనొచ్చిన పని గుర్తొచ్చి మాట మార్చింది.

"రోజూ రాత్రి ఇదేనా అక్కా నీ పని?"

"రోజూనా... నేను రావడం ఇవాళే. రోజూ వచ్చేది నువ్వు కదూ?"

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

బయట — టక్... టక్...

తోడికోడళ్ళిద్దరూ ఒకే బీరువా వెనక ఒదిగిపోయారు. తలుపు తెరుచుకుంది. వంగిన నడుము... నూనెమరకల కోటు... మామగారి కోటు. ఆ ఆకారం దీపం వెయ్యలేదు. అలవాటైన చేతుల్తో చక్‌లో కడ్డీ పెట్టి బిగించింది. వేలు బటన్ వైపు వెళ్ళింది.

చిన్నకోడలికి అంకె గుర్తొచ్చింది. మిషనులో ఇంకా ఆ మూడే ఉంది. నొక్కితే టూల్ ముక్కలై మొహాన తగులుతుంది. నోరు తెరిస్తే ఇద్దరి గుట్టూ బయటపడుతుంది, షెడ్డు ఎవరికీ దక్కదు. మాట్లాడొద్దన్నట్టు పెద్దావిడ చిన్నావిడ చెయ్యి నొక్కిపట్టింది.

"మామయ్యా... నొక్కకండి. చుక్క లేదు," అనేసింది చిన్నకోడలు.

ఆకారం నెమ్మదిగా తిరిగింది.

"మామయ్య కాదే. నేను."

అత్తగారు.

చీకట్లోనే స్టూలు మీద కూర్చుంది. ఆయన బతికున్నంతకాలం తనని ఈ షెడ్డు లోపలికి రానివ్వలేదంది. తనకంటే దీన్నే ఎక్కువ మురిపెంగా చూసుకున్నాడంది. అంతగా ఇందులో ఏముందో తెలుసుకుందామని రోజూ వచ్చి చిన్నదాని ప్రోగ్రామొకటి నడుపుకుంటోంది. ఎవరైనా చూస్తే దడుచుకుని పారిపోతారని కోటు.

"నాదెందుకు నడపలేదు అత్తయ్యా?" అంది పెద్దకోడలు.

అత్తగారు చిన్నదాన్ని తెర దగ్గరికి పిలిచింది. ఆ చుక్క పెట్టమంది. చిన్నకోడలు పెట్టింది.

"షెడ్డు ఎవరికీ ఇవ్వడం లేదు," అంది అత్తగారు. "ఇచ్చేస్తే మళ్ళీ నన్ను రానిస్తారా మీరు?"

బటన్ నొక్కింది. మెత్తటి ఇత్తడి పొట్టు మెరుస్తూ రాలింది. ఒక్కో కోతకీ కడ్డీ నున్నగా, వంపుగా, అందంగా తేరుతోంది.

తమవాటిని మించిపోయిన అత్తగారి పిడిని చూస్తూ నిలబడ్డ కోడళ్ళిద్దరికీ ఒకేసారి కడుపు మండింది.