ఎడమ సంచి, కుడి సంచి

ల్యాబులోకి రాగానే కిడ్నీ డాక్టరమ్మ చేసిన మొదటి పని, హోరుమంటున్న స్పీకరు కట్టేయడం. స్టేషన్ దొరకని రేడియో అనుకుంది పాపం.

"అది రేడియో కాదండీ, కిడ్నీ నరం," అన్నాడతను, ఏడవలేక నవ్వుతూ. ఆసుపత్రిలో అందరూ 'నరాల మాస్టారు' అని ఏడిపించే పరిశోధకుడు అతనే.

మళ్లీ ఆన్ చేశాడు. బల్లమీద మత్తులో ఉన్న గొర్రె గుండె కొట్టుకున్నప్పుడల్లా ఆ హోరు లేచి పడుతోంది. మెదడు నుంచి కిడ్నీకి వెళ్లే కబురట అది. ఎనిమిదేళ్లుగా కిడ్నీలకు వైద్యం చేస్తున్నా వాటితో ఎవరో ఇలా మాట్లాడుతుంటారని ఆమెకు తట్టనే లేదు. ఒళ్లు జలదరించింది.

ఆ తర్వాత మూడు వారాలు డ్యూటీ అవగానే అక్కడికే. సెప్సిస్ వస్తే, అంటే ఇన్ఫెక్షన్ ఒళ్లంతా చిచ్చు పెడితే, ఈ నరాలే కిడ్నీ గొంతు నొక్కేస్తాయని అతని వాదన. రుజువేదని ఆమె దెప్పేది. వాదన మొదలైతే టీ చల్లారిపోయేది. అతనంటే ఇష్టం ఎప్పుడు మొదలైందో ఆమెకే తెలీదు.

మూడో వారం చివర ఒక సాయంత్రం రుజువు వచ్చింది. సెప్సిస్ వచ్చిన గొర్రెకి ఎడమ కిడ్నీ నరాలు మాత్రమే కోశాడు. 'ఎడమ' అని రాసిన సంచిలో మూత్రం నిండింది, 'కుడి' సంచిలో నాలుగు చుక్కలు. రేపే ఆసుపత్రి పరిశోధనల కమిటీ ముందు చెప్పాలి. అతని కాళ్లు నేలమీద నిలవడం లేదు.

ఆమె అలవాటుగా గొట్టం వెంట వేలు పోనిచ్చింది. నిండిన సంచి గొట్టం గొర్రె కుడి కిడ్నీలోకి వెళ్లింది. అతను ఎదురుగా నిలబడి, తన కుడి ఎడమలు చూసుకుని లేబుళ్లు అంటించాడు; నరాలు కోసిన గాటు మాత్రం గొర్రె ఎడమవైపే ఉంది.

చెప్తే రెండేళ్ల కష్టం నీళ్లపాలు. మళ్లీ తన మొహం చూస్తాడా? అయినా చెప్పింది.

అతను తనూ గొట్టం తడిమి చూశాడు. స్టూలు మీద కూలబడ్డాడు.

"నరం ఉన్న కిడ్నీయే నిలబడిందన్నమాట," అన్నాడు చివరికి, మెల్లగా. "రెండేళ్లూ ఆ నరాన్ని తిట్టాను. అది కాపాడుతోందేమోనండీ."

ఆ మొహంలో ఓటమి లేదు, గుడ్లప్పగించిన పసివాడి విస్మయం. ఆమెకు కళ్లు చెమర్చాయి.

"ఒక్క గొర్రెతో ఏమీ తేలదు," అంది.

"రేపు అదే చెప్తాను. తేలడానికి ఏళ్లు పడుతుంది. అన్నాళ్లూ పక్కనుండి నా తప్పులు పట్టుకుంటారా?"

"ఉంటాను. మీరంటే నాకు చాలా ఇష్టం."

అతను ఆమె చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.