ప్రొఫెసర్ గారి గేర్ నాబ్

"చావాల్సింది ఎవరు సార్?" అని అడిగాడు బండ, ఇంకా కూర్చోకుండానే.

"ఈసారి ఎవరూ చావకూడదు. కూర్చో," అన్నాడు బాస్.

బండ కూర్చున్నాడు. అది అతని అసలు పేరు కాదు. పోయిన చలికాలం ఒక మిషన్‌లో అతని పార్ట్‌నర్ తూటా తగిలి పోయాడు. పార్ట్‌నర్ అంటే ఎవరో కాదు, సొంత బావమరిది. శవాన్ని పక్క సీట్లో కూర్చోబెట్టుకుని, చెక్‌పోస్టులో నిద్రపోతున్నాడని చెప్పి, బార్డర్ దాటించుకొచ్చాడు. ఆ రోజు ఏడవలేదు. తర్వాతా ఏడవలేదు. భార్య ఏడ్చింది, నిలదీసింది, చివరికి విసిగిపోయి కంచం ముందు పెట్టి పక్క గదిలోకి వెళ్లిపోవడం అలవాటు చేసుకుంది. తిన్నది వేడిదో చల్లారిందో కూడా అతనికి తెలిసేది కాదు. ఆఫీసులో ఎవరో వెనకాల బండ అన్నారు. అదే కోడ్ నేమ్ అయి కూర్చుంది.

బాస్‌కి మాత్రం ఈ మార్పు తెగ నచ్చింది. చేయి వణకని ఏజెంట్ అంటే ఏ బాస్‌కి చేదు?

బ్రీఫింగ్ క్లుప్తంగా సాగింది. కాపాడాల్సింది ఒక రాడార్ ప్రొఫెసర్‌ని. అరవై దాటిన ఆవిడ తన పాత కారుని తనే నడుపుకుంటుంది, డ్రైవర్ని ఇస్తామంటే కసురుకుంటుంది. ఆవిడ కొత్త డిజైన్ పూర్తి కాకూడదని ఒక విదేశీ ముఠా కంకణం కట్టుకుంది. నిన్న రాత్రి ఆవిడ ఇంటి దగ్గర కారులోకి దూరి, గేర్ రాడ్ మీద నాబ్ తీసి, అచ్చం అలాంటిదే ఇంకోటి పెట్టారు. అందులో బాంబు ఉంది. రివర్స్ వేయాలంటే నాబ్ కింద ఉన్న రింగ్ పైకెత్తాలి కదా, అది ఎత్తితే పేలుతుంది. ఇంటి దగ్గర ఆవిడకి రివర్స్‌తో పనిలేదు. ఆఫీసు పార్కింగ్‌లో మాత్రం గోడకి ముక్కు ఆనించి పెడుతుంది. సాయంత్రం ఇంటికి బయల్దేరాలంటే రివర్స్ వేయక తప్పదు.

"ఆవిడకే చెప్పేస్తే పోలా?"

"చెబితే గోల అవుతుంది. ముఠాకి మన మనిషి మీద అనుమానం వస్తుంది. మన మనిషిని చంపేస్తారు."

ఆ మన మనిషి పేరు నీలం కళ్లజోడు. ముఠాలో ఉంటూ మనకి కబుర్లు అందిస్తుంది. ఈ నాబ్ సంగతి చెప్పిందీ ఆవిడే. బాంబు లేని నాబ్ ఒకటి ముఠా దగ్గర మిగిలిందట, దాన్ని తెచ్చిస్తానంది. దాన్ని పెట్టి, బాంబు ఉన్నదాన్ని తీసుకొచ్చేస్తే, పేలకపోవడం తమ వైరింగ్ తప్పనుకుని ముఠా వాళ్లలో వాళ్లే తన్నుకుంటారు. బాస్ మొహం ఈ ప్లాన్ తనదే అన్నట్టు వెలిగిపోతోంది.

పార్కింగ్ ఎదురుగా ఉన్న కాఫీ షాపులో నీలం కళ్లజోడు కిటికీ పక్కన కూర్చుని ఉంది. పొడవాటి మెడ, పట్టు స్కార్ఫ్, గాజు తలుపు తెరుచుకోకముందే తెలిసిపోయే సెంటు. ఆమెని చూస్తూ బేరర్ రెండు బల్లలకి గుద్దుకున్నాడు. బండ మాత్రం దేనికీ గుద్దుకోలేదు.

"వర్షం వచ్చేలా ఉంది," అంది ఆమె.

"గొడుగు ఇంట్లోనే ఉండిపోయింది," అన్నాడు బండ.

కోడ్ మాటలు కలిశాక, స్కార్ఫ్ చాటున ఒక పొట్లం చేతులు మారింది. జాగ్రత్తగా వెళ్లి రమ్మని, తను ఇక్కడే కూర్చుని ముఠా మనుషుల్ని కనిపెడుతూ ఉంటానని ఆమె చెప్పింది. చెబుతూ అతని చేతి మీద చేయి వేసింది. ఆ చేయి మెత్తగా ఉందని అతనికి తెలిసింది కానీ, అంతకుమించి ఏమీ అనిపించలేదు.

పార్కింగ్ గేటు దగ్గర రెండు చోట్ల డిపార్ట్‌మెంట్ గార్డులు, మూలమూలకీ కెమెరా. కార్లు కడిగేవాడి యూనిఫాం, బకెట్, భుజాన తుండు వేసుకుని బండ లోపలికి నడిచాడు. గార్డుకి ముందే కబురుంది కాబట్టి చూడనట్టు చూశాడు.

ప్రొఫెసర్ కారు గోడకి ముక్కు ఆనించి ఉంది. తలుపు తీయడం అతనికి చిటికెలో పని. గేర్ రాడ్ చుట్టూ ఉన్న తోలు తొడుగు క్లిప్పులు ఊడదీసి కిందికి లాగాడు. నాబ్ కింద లాక్ నట్ కనిపించింది. స్పానర్ పెట్టి తిప్పితే అది కదల్లేదు. ఆయిల్ కొట్టి, ఒళ్లంతా బరువేసి తిప్పితే కీచుమంటూ వదిలింది. చేతినిండా తుప్పు రాలింది. తుప్పుని చూశాడు, చూసి ఊరుకున్నాడు. రింగ్‌కి చేయి తగలకుండా నాబ్‌ని ఎడమవైపు తిప్పుతూ ఊడదీసి, బకెట్‌లో ఉన్న ఉక్కు డబ్బాలో పెట్టాడు. పేలితే తను ముక్కలవుతాడన్న సంగతి ఎవరిదో పక్కింటి వాళ్ల సంగతిలా అనిపించింది.

పొట్లంలోని నాబ్ రాడ్ మీద బిగించాడు. గేర్ల అంకెలు తిన్నగా వచ్చేదాకా తిప్పి, నట్ పైకి బిగించి, తోలు తొడుగు సర్దాడు. పని చక్కగా కుదిరింది.

"తుడిచింది చాలు, దిగు బాబూ," అంది వెనక నుంచి ప్రొఫెసర్. మీటింగ్ తొందరగా అయిపోయిందట.

బండ దిగి పక్కకి తప్పుకున్నాడు. ఆవిడ కూర్చుని, ఉక్కగా ఉందని అద్దం దించి, ఇంజన్ స్టార్ట్ చేసింది. అతను తుండుతో చేతులు తుడుచుకున్నాడు. తెల్ల తుండు ఎర్రబడింది.

తుప్పు.

రాత్రి విప్పి బిగించిన నట్ పొద్దునకల్లా ఇంతలా తుప్పు పట్టి బిగుసుకుపోదు. ఆ నట్‌ని ఏళ్ల తరబడి ఎవరూ ముట్టుకోలేదు. అంటే ముఠా అసలు ఈ కారుని తాకనే లేదు. ఆవిడ ఇంటి దగ్గరా ఇక్కడా ఉన్న గార్డుల్ని, కెమెరాల్ని దాటి వాళ్లు తాకలేరు కూడా. తాకగలిగేది డిపార్ట్‌మెంట్ మనిషి ఒక్కడే. ఆ మనిషి ఇప్పుడే పని ముగించి చేతులు తుడుచుకుంటున్నాడు.

ప్రొఫెసర్ క్లచ్ తొక్కింది. ఆవిడ రెండు వేళ్లు రింగ్ కిందికి వెళ్లాయి.

బండ అద్దంలోంచి నడుము దాకా లోపలికి దూరి, ఆవిడ చేతిని తన అరచేత్తో కిందికి అదిమి పట్టాడు. రింగ్ వెంట్రుకవాసి లేచి ఆగింది.

"వేలు కదపకండి మేడమ్."

"ఎవడివి నువ్వు?"

"కార్లు కడిగేవాణ్ణి మాత్రం కాదు. ఇంజన్ ఆపండి. మెల్లగా ఒక్కొక్క వేలే తీయండి."

ఆవిడ ఇంజన్ ఆపింది. అయినా దడదడ ఆగలేదు. అది తన గుండె అని అతనికి కాసేపటికి గానీ అర్థం కాలేదు. భయం వేసింది. అరికాళ్ల నుంచి పైకి పాకింది. ఆవిడని దూరంగా పంపి, పెదవి కొరుక్కుంటూ నట్ వదులు చేసి, నాబ్ ఊడదీసి, మొదటిదాని పక్కన డబ్బాలో పెట్టి మూత వేశాడు. వాచీలో ఉన్న మైకు నోటి దగ్గరికి తెచ్చుకున్నాడు.

"కాఫీ షాపులో ఉన్నావిణ్ణి పట్టుకోండి సార్. మనకిచ్చిందే బాంబు."

ఆ ప్లాన్ తనది కాదని అవతల బాస్‌కి అప్పుడే గుర్తొచ్చింది.

నీలం కళ్లజోడు కిటికీ పక్కనే ఉంది. పేలుడు కోసం ముందుజాగ్రత్తగా చెవుల్లో దూది పెట్టుకుంది కాబట్టి, వెనక నిలబడి అరెస్ట్ అంటున్న మాట ఆమెకి భుజం తట్టి మళ్లీ చెప్పాల్సి వచ్చింది. ఆమె వెంట ముఠా మొత్తం సాయంత్రానికల్లా దొరికింది.

బాంబు స్క్వాడ్ డబ్బా తీసుకెళ్తూ, కారు పాత నాబ్‌ని తిరిగి ఇచ్చేసింది. దాన్ని రాడ్ మీద పెట్టి తిప్పబోతే బండ చేతులు గడగడ వణికాయి. నాబ్ జారి సీటు కిందికి దొర్లింది. ప్రొఫెసర్ వంగి తీసుకుని, స్పానర్ లాక్కుని, తనే బిగించుకుంది. అంకెలు కాస్త వంకరగా వచ్చాయి. ఫరవాలేదంది.

"ఇంట్లో ఎవరున్నారు?" అని అడిగింది.

"మా ఆవిడ ఉంది. మా బావమరిది..." అన్నాడు బండ. చలికాలం నుంచి రానిదంతా ఒక్కసారిగా వచ్చింది. పక్క సీట్లో కూలబడి, ఆ ఎర్రబడ్డ తుండు మొహానికి అడ్డం పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు.

ఆవిడ అతని సీటు బెల్టు తనే పెట్టి, ఇల్లు ఎటో కనుక్కుని, ఇంజన్ స్టార్ట్ చేసి, రింగ్ పైకెత్తి రివర్స్ వేసింది. డిపార్ట్‌మెంట్ మొత్తంలో చేయి వణకని ఒకే ఒక్క ఏజెంట్ కళ్లు గట్టిగా మూసుకుని, చెవులు కూడా మూసుకున్నాడు.