నడుములోతు వరద

ఇంజినీరుబాబు అప్పలసూరి కూతురి నడుముకి టేపు చుట్టి, వచ్చిన అంకె పుస్తకంలో రాసుకున్నాడట. పక్కింటి లక్ష్మణమ్మ కళ్ళారా చూసిందట. ఆ మాట నాలుగిళ్ళు తిరిగి దానమ్మ గుమ్మంలోకి వచ్చేసరికి టేపు రెండు చుట్లయింది. జగన్నాధం అద్దెకుంటున్నది దానమ్మ ఇంట్లోనే. ఆవిడ అతని ముందు అంబలి గిన్నె పెట్టి, అతని కబురు అతనికే పూసగుచ్చినట్టు చెప్పి, నిజమేనా బాబూ అని ఆశగా అడిగింది.

"అది వరద మట్టం, దానమ్మా."

"ఈ కాలపోళ్ళు దాన్ని అలగంతారేటి?" అంది దానమ్మ.

జగన్నాధానికి పొలమారింది.

బొబ్బిలి దగ్గరి రైతు బిడ్డ అతను. కాకినాడలో ఇంజినీరింగు చదివి, వంశధార ఒడ్డునున్న రేగులవలసకి మంచినీళ్ళ పంపుహౌసు డిజైను చెయ్యడానికి వచ్చి రెండు నెలలైంది. పని వినడానికి చిన్నదే. పంపు వరదలో మునగకూడదు, కాబట్టి ఎత్తుగా పెట్టాలి. కానీ ఇరవై రెండు అడుగుల లోతుకి మించి అది నీళ్ళు పీల్చలేదు, కాబట్టి వేసవిలో ఏరు ఎంత దిగిపోతుందో చూసుకుని కిందకే పెట్టాలి. పట్టుదల గల ఇద్దరు వియ్యంకుల మధ్య పీట వేసినట్టు ఆ రెండింటి మధ్యా పంపుని కూర్చోబెట్టాలి.

వేసవి నీటిమట్టం అతనే కొలిచాడు, గట్టు నేలకి పదహారడుగుల కింద. వరద మట్టం ఊరిని అడిగాడు. ఎవరిని అడిగినా అప్పలసూరి ఇంటికే తీసుకుపోయేవారు. అప్పలసూరి చేతికర్ర ఎత్తి, రెండేళ్ళ కిందటి వరద ఇదిగో ఇక్కడికి అని చూరు చూపించేవాడు. నేలకి ఏడడుగులు. పైన ఓ అడుగు జాగ్రత్తకి కలిపితే మొత్తం ఇరవై నాలుగు. పంపు పీల్చదు. నూతిలోకి దించే రకం పంపు అడిగితే అంత ఖరీదైనది కుదరదన్నారు పైవాళ్ళు. చెరిపి చెరిపి ట్రేసింగు కాగితానికి చిల్లు పడింది.

ఎగ్జిక్యూటివ్ ఇంజినీరు నరసింగరావుగారు గురువారం వస్తారు. అప్పటికి లెక్క కుదరకపోతే పంపుహౌసు అవతలి ఒడ్డు ఊరికి పోతుంది, జగన్నాధం ఇంకెక్కడికో పోతాడు. బదిలీకి అతను భయపడలేదు. అక్కడ అప్పలసూరి కూతురు చిన్నతల్లి ఉండదు, అదీ బాధ. ఆ పిల్ల అప్పటిదాకా అతనితో ఆడింది నాలుగు మాటలు. అందులో మూడు అతని టోపీ మీద వెక్కిరింతలు.

ఈ కబురుకి ముందురోజు, సోమవారం, వాన పట్టుకుంది. కాగితం చుట్ట చొక్కాలో దోపుకుని జగన్నాధం అప్పలసూరి వసారాలోకి పరిగెత్తాడు. లోపల చిన్నతల్లి మేకకి ఆకు వేస్తోంది.

"కాయితం తడవకండా నువ్వు తడిసినావేటి?"

"కాగితం ఒక్కటే ఉంది."

"నువ్వు ఇద్దరున్నావేటి?"

నవ్వాపుకుంటూ తువ్వాలు విసిరింది. తల తుడుచుకుంటూ అతను తన కష్టం చెప్పుకున్నాడు. చూరు అన్న మాట వినగానే ఆమె నోటికి పైట అడ్డం పెట్టుకుంది.

"సూరు దాకా వస్తే ఈ మేక ఎలగ బతికినాది? పుస్తకం అట్టుకొచ్చినోడికి నిజం ఎవులు సెప్తారు? వరద సాయం రాసుకోడానికి వచ్చినావనుకున్నారు."

రేగులవలసలో అది ఆనవాయితీ. మోకాలి లోతు వరదకి ప్రభుత్వం ఏమీ ఇవ్వదు. చూరు దాకా అంటే బియ్యమూ, ఇంటి మీదికి తాటాకూ వస్తాయి. అందుకని కలం పట్టుకున్న మనిషి ఊళ్ళోకి వచ్చినప్పుడల్లా ఆ వరద మరో అడుగు పెరిగింది. దానికి ఊరి తరఫు సాక్షి అప్పలసూరి.

మరైతే ఎంత లోతు వచ్చిందని అడిగాడు జగన్నాధం. వాన వెలిశాక ఆమె వాకిట్లో నిలబడి నడుము మీద చెయ్యి పెట్టింది. మేకని భుజాన వేసుకుని ఆ రోజు నిలబడింది తనేనంది. అతను మోకాళ్ళ మీద కూర్చుని టేపు చివర నేలకి ఆనించాడు. రెండో చివర ఆమె చేత్తో పట్టుకుంది. అంకె మూడుసార్లు చదివాడు.

"అంకెలు రావేటి నీకు?"

"వస్తున్నాయి."

"బేగి సూడు. లక్ష్మణమ్మ సూస్తన్నాది."

మూడడుగులు. అంటే మొత్తం ఇరవై. పంపు వియ్యంకుల మధ్య హాయిగా కూర్చుంది. జగన్నాధం కొత్త కాగితం మీద పంపు కూర్చునే గచ్చు నాలుగడుగులు దించి గీసి, ఈల వేసుకుంటూ పడుకున్నాడు. పొద్దున్నే దానమ్మ అంబలితో పాటు ఆ కబురు తెచ్చింది.

మధ్యాహ్నానికి అప్పలసూరి వచ్చాడు. చుట్ట వెలిగించాడు. అతని చిక్కు అతనిది. కొలిచింది వరదనే అని ఒప్పుకుంటే ఇన్నాళ్ళ సాక్ష్యం అబద్ధమవుతుంది. కాదంటే పరాయి కుర్రాడు కూతురి నడుము దగ్గర టేపు ఎందుకు పట్టాడో ఊరికి చెప్పాలి.

"మీ ఇంటిపేరు కనుక్కున్నాను. మా వరసే, బాబూ," అన్నాడు చివరికి. "పిల్లనిస్తాను. పెళ్ళికూతురికి కొలత తీసినాడంతాను. వరద మాత్రం సూరు దాకే."

జగన్నాధం గుండె ఎగిరి చూరుకి తగిలి, అక్కణ్ణించి నాలుగడుగులు కిందపడింది. ఊఁ అంటే పిల్ల దక్కుతుంది, ఊరికి నీళ్ళు రావు. ఉహూఁ అంటే నీళ్ళు వస్తాయి, పిల్ల రాదు. గురువారం దాకా గడువు అడిగాడు.

సాయంత్రం ఏటి ఒడ్డున చిన్నతల్లి బిందె నింపుకుంటోంది. నాన్న మాటకి ఒప్పుకున్నావా అని తలెత్తకుండానే అడిగింది.

"నాకు రెండూ కావాలి," అన్నాడు జగన్నాధం. "నీళ్ళూ కావాలి, నువ్వూ కావాలి."

"అయ్యని అడిగినావు, ఏటిని అడిగినావు. నన్నడిగినావేటి?"

"ఇప్పుడు అడుగుతున్నాను."

ఆమె బిందె నెత్తినెత్తుకుంది. రెండడుగులు వేసి ఆగింది.

"గురువారం సెప్తాను."

గురువారం జీపు వచ్చింది. అప్పలసూరి వసారాలో మంచం మీద కాగితం పరిచారు. ఊరంతా గోడ వారన చేరింది. అందరికన్నా ముందు లక్ష్మణమ్మ ఉంది. నరసింగరావుగారు కళ్ళజోడు సర్దుకుని, వారంలో గచ్చు నాలుగడుగులు ఎలా దిగిందని అడిగారు. అప్పలసూరి కర్రతో చూరు చూపించి, వరద అక్కడికేనని, కుర్రాడు పుస్తకంలో రాసింది పెళ్ళికూతురి కొలత అని విన్నవించాడు. ముప్ఫై ఏళ్ళ సర్వీసులో ఫీల్డుబుక్కులో పెళ్ళికూతురి కొలత చూడలేదన్నారు ఆయన.

జగన్నాధం పుస్తకం తెరిచి ఆయన ముందు పెట్టాడు.

"అది వరద మట్టమే సార్. పెళ్ళి సంగతి నేను విడిగా అడిగాను. జవాబు ఇంకా రాలేదు."

అప్పలసూరి చుట్ట చేతిలోనే ఆరిపోయింది. నరసింగరావుగారు కలం తీసి, మూడడుగులు అన్న చోట పెట్టి, ద్వారబంధాన్ని ఆనుకుని నిలబడ్డ చిన్నతల్లి వైపు తిరిగారు. ఇది వరదా, పెళ్ళా, రెండింట్లో ఒకటి కొట్టెయ్యాలి, ఏది కొట్టెయ్యమంటావు అని అడిగారు.

"వరద నా నడుం దాకే వచ్చినాది బాబూ. ఈయన్ని మనువూ ఆడతాను. ఒకటి నిజమైతే రెండోది అబద్దం అవ్వాలని ఎవులు సెప్పినారు మీకు?"