విదర్‌కూంబ్ లైనుకి ఒకటే కర్ర

సాయంసంధ్య... నవంబరు పొగమంచు నల్లబడే ఘోర దుర్ముహూర్తం! ఒకప్పుడు విదర్‌కూంబ్ స్టేషను నుంచి ఆఖరి బండి కదిలే వేళ!

పాలక్యాన్ల మోతతో, యుద్ధానికి పోయే కుర్రాళ్ల పాటలతో మార్మోగిన ప్లాట్‌ఫారం మీద ఇప్పుడు ముళ్లపొదలు... పట్టాలు ఎప్పుడో పీక్కుపోయారు. పైకప్పు మీద గుడ్లగూబ భీకరంగా కూసింది!

కూతురి వెనకే హెస్టర్ ప్లాట్‌ఫారం ఎక్కింది. చనిపోయిన సిగ్నల్‌మన్ భార్య ఆమె. మిగిలింది ఒక్క కూతురు మారియన్. బిడ్డ తుమ్మినా చావే తలుచుకునే తల్లి... ఆ బిడ్డ వారం నుంచి మగగొంతుతో మాట్లాడుతూ, ఇవాళ నిద్రలో నడిచినట్టు ఇక్కడికే వచ్చింది!

టికెట్ల కిటికీ ముందు, మంటల మధ్య కపాలం... ఏనాడో ఈ లైనులో బండి పట్టాలు తప్పి చచ్చిన డ్రైవరుది! పక్కనే పాత స్టేషన్‌మాస్టర్ థ్రప్. చేతిలో ఇత్తడి పొన్ను కర్ర. ఆ ఒంటి లైనుకి అదొక్కటే కర్ర. అది చేతికి అందితేగాని ఏ డ్రైవరూ బండి కదపకూడదు.

"రావే హెస్టరూ! సరిగ్గా టీ వేళకి వచ్చావు," ఇకిలించాడు థ్రప్. "జన్మంతా చాకిరీ చేస్తే నీ మొగుడికేమిచ్చారే? ఓ గోడ గడియారం! నా స్టేషనుకి తాళం! మళ్లీ నడిపిస్తా చూడు... రోజుకో ప్రాణమే బొగ్గు!"

"మీ కాళ్లు పట్టుకుంటా మాస్టారూ! దాన్నొదిలి నన్ను తీసుకోండి!"

"ముసలి బొగ్గు రాజుకోదే!"

ఫెళ్లున ఉరుము! పట్టాల్లేని నేలమీద నిప్పులు కక్కుతూ ప్రేతశకటం వచ్చి ఆగింది. మారియన్ మంత్రబద్ధలా ఎక్కేసింది...

"అమ్మా!"

కిటికీలోంచి, ఇన్నాళ్లకి, బిడ్డ సొంత గొంతు!

హెస్టర్ పులిలా దూకి కర్ర లాక్కుంది. ఇక బండి కదలదు! "దిగవే తల్లీ! తలుపు తియ్యి!"

మారియన్ తలుపు పిడి తిప్పుతోంది... సరిగ్గా అప్పుడే ఇంజనులోంచి ఆ చచ్చిన డ్రైవరు ఎముకల చెయ్యి బయటికి సాగింది.

భర్తకి ఒంట్లో బాగాలేని రోజుల్లో హెస్టర్ చేసిన పనే అది... ఇంజనులోంచి చాచిన చేతికి కర్ర అందించడం. మనసు వద్దు వద్దని మొత్తుకుంటూనే ఉంది... చెయ్యి దానంతటదే పైకి లేచింది!

కర్ర అందింది.

"ఏం పని చేశావే, దరిద్రపుదానా!" థ్రప్ గావుకేక! కర్ర డ్రైవరు చేతికి చిక్కగానే అతను వేసిన మంత్రబంధం తెగిపోయింది. కపాలం వికటాట్టహాసం చేసింది! ఇన్నాళ్లూ తనను బానిసను చేసినవాణ్ణి ఆ ఎముకల చెయ్యి జుట్టు పట్టి ఈడ్చి, భగభగమండే ఇంజను కొలిమిలోకి విసిరేసింది...

కూత వేసి బండి కదిలింది. కిటికీలో చిన్న చెయ్యి... తర్వాత మంచు.

బండి తిరిగి రావాలంటే ఆ కర్రే తిరిగి రావాలి. అవతలి స్టేషనుని ఏనాడో నేలమట్టం చేశారు. అక్కడ కర్ర అందుకుని, వెనక్కి పంపే చెయ్యి లేదు.

ఆ సంగతి హెస్టర్‌కి తెలిసినంతగా ఊళ్లో ఇంకెవరికీ తెలియదు. అయినా రోజూ ఆ వేళకి ప్లాట్‌ఫారం చివర నిలబడుతుంది... ఖాళీ చెయ్యి చాచి!