మాయమైన ఎర్రపట్టీ

అలేఖ్య కుర్చీ అంచు మీద కూర్చుంది గాని వెనక్కి వాలలేదు. తలుపు కిర్రుమన్నప్పుడల్లా ఉలిక్కిపడుతోంది. కరీంనగర్ మంకమ్మతోటలో ప్రైవేటు డిటెక్టివ్ మమతారాణి ఆఫీసు మేడ మీద ఉంటుంది. మెట్లెక్కి వచ్చేవాళ్లు సగం భయాన్ని కిందే వదిలేసి వస్తారని ఆమె అసిస్టెంటు తన్వీర్ అంటుంటాడు. ఈ అమ్మాయి మాత్రం ఒక్క పిసరు కూడా వదలకుండా మూటగట్టుకుని వచ్చింది.

"పొద్దుగూకెలోపు నా మీద పోలీస్ కేసు పెడ్తరట మేడం. ఒక పాప పానం తీయబోయిన్నని."

"ఫికర్ చెయ్యకు. మొదటికెల్లి చెప్పు," అంది మమతారాణి.

అలేఖ్య పనిచేసేది భానుప్రసాద్ అనే ఆయన సాఫ్ట్‌వేర్ కంపెనీలో. దవాఖానల కోసం వాళ్లొక వెబ్ యాప్ తయారుచేశారు. నర్సు రోగి పేరు నొక్కితే రక్తం గ్రూపు తెర మీదికి వస్తుంది. నిన్న బెల్లంపల్లిలో ఒక పాపకు తప్పు గ్రూపు చూపించింది. ఎక్కించే ముందు నర్సు మళ్లీ పరీక్ష చేసింది కాబట్టి సరిపోయింది, లేకపోతే పాప దక్కేది కాదు. పాప ఎవరో, ఏ గ్రూపు చూపించిందో దవాఖానవాళ్లు కంపెనీకి చెప్పలేదు. తప్పు గ్రూపు అన్న ఒక్క ముక్క చెప్పి ఫోను పెట్టేశారు.

"వచ్చే వివరాలు సరిగ్గున్నయో లేవో చూసే చెకింగ్ నేనే పెట్టిన మేడం. మూడు నాలుగు ఓపెన్ సోర్స్ లైబ్రరీలు చూసి, ఒకటి ఏరిన."

"లైబ్రరీ అంటే పుస్తకాలా?" అన్నాడు తన్వీర్.

భయంలో కూడా ఆమెకు నవ్వొచ్చింది. "కాదన్నా. ఎవరో రాసి, అందరు వాడుకోండ్రని ఊర్కె ఇచ్చిన కోడ్. మంది ఎక్కువ వాడేది ఇంకోటుండె. గని తేడా వస్తే అది సప్పుడు చెయ్యకుంట సర్దుకపోతది. నేను తీసుకున్నది సర్దుకపోదు. అడిగింది ఒకల వివరాలు, వచ్చింది ఇంకొకలవైతే తెర ఆపేసి ఎర్రపట్టీ ఏస్తది. నిన్న ఆ ఎర్రపట్టీ రాలే. ఏమైందని చూస్తే చెకింగే తీసేసి ఉన్నది. తీసినట్టు నా పేరే పడ్డది."

"నువ్వే తీసినవా?"

"మా అవ్వ మీద ఒట్టు, తీయలే. అది తీసింది పోయిన వారం, సద్దుల బతుకమ్మ నాడు. నేను సుల్తానాబాద్‌ల మా ఇంట్ల పూలు పేరుస్తున్న. గని యాడ కూసోనైనా తీయొచ్చు గదా అంటున్రు."

మమతారాణి కుర్చీ దగ్గరికి జరుపుకుంది. "ఆనాడు ఆఫీసుల నీ పేరుతోని ఏ కంప్యూటరన్న తెరిచి ఉన్నదా?"

"హాల్ల ఉన్నది. తెల్లారి దవాఖానల పెద్ద సార్లు యాప్ చూడనీకి వస్తున్రని అన్నీ సెట్ చేసి, అట్లనే ఇడిసిపెట్టి బస్సెక్కిన."

"పండుగ పూట ఆఫీసుల ఎవరెవరున్రు?"

"భానుప్రసాద్ సార్, మా టీం లీడ్ సాయిచంద్ సార్. ఇద్దరే."

* * *

భానుప్రసాద్ అగ్గి మీద గుగ్గిలంలా ఉన్నాడు. "ఊర్కె దొరుకుతదని తెచ్చి పెట్టింది. పైంగ దాన్ని పీకేసింది. నా కంపెనీ బజార్ల పడ్డది మేడం. సాయంత్రం దాక ఆగుత, గంతే."

సాయిచంద్ మెత్తటి మనిషి. తనే చాయ్ తెప్పించి, కుర్చీలు జరిపాడు.

"వివరాలు తెచ్చే లైబ్రరీ ఎవరు ఏరిన్రు?" అడిగింది మమతారాణి.

"నేనే. అది గూడ ఓపెన్ సోర్సే. ఒకపారి తెచ్చినదాని నకలు దగ్గర పెట్టుకుంటది. మళ్ల అడిగితే సర్వర్ దాక పోకుంట అదే చూపెడ్తది. బెల్లంపల్లి దిక్కు నెట్ సంగతి మీకెర్కేనాయె."

"ఏ నకలు ఎవలదో దానికెట్ల తెలుస్తది?"

"కార్డు నంబర్ మీద దాస్తది. దాంట్ల ఫరక్ ఏం లేదు మేడం. అన్న గ్రూపు చెల్లెకు చూపెడ్తుంటే పట్టుకోవాల్సింది చెకింగ్. దాన్నే ఆ పిల్ల తీసేసె." నిట్టూర్చాడు. "చిన్న పిల్ల, కేసు వద్దనే నేనంటున్న."

మమతారాణి చాయ్ గ్లాసు నోటిదాకా తెచ్చి, తాగకుండానే దించింది. తన్వీర్‌కు ఆ అలవాటు తెలుసు. ఎక్కడో తీగ దొరికిందన్నమాట. తను కూడా అక్కడే కూర్చున్నాడు, అవే మాటలు విన్నాడు, కాని ఏం దొరికిందో అంతుపట్టలేదు. అందుకు ఆమె మీద గౌరవం, తన మీద ఉక్రోషం రెండూ కలిగాయి.

"బండి తియ్యి. బెల్లంపల్లి పోదాం."

* * *

నర్సు రమ వాళ్లను పిల్లల వార్డులోకి తీసుకుపోయింది. కిటికీ పక్క మంచం మీద ఇఖ్రా బొమ్మకు జడ వేస్తోంది. పక్కనే నాయనమ్మ బిస్మిల్లా బీ బత్తాయి ఒలుస్తోంది. తన్వీర్ సలాం చెప్పగానే ఒక తొన అతని చేతిలో పెట్టింది.

"నెలనెల రక్తం ఎక్కియ్యాలె బేటా. నా కొడుకు ఇబ్రాహీం బొగ్గుబాయిల పని చేస్తడు గదా, ఆయన కార్డు మీదనే మాకు దవాఖాన."

"మాకు అంటే ఎవరెవరికమ్మా?" అంది మమతారాణి.

"ఇంటోళ్లందరికి. నేను, కోడలు, యూసుఫ్, ఇఖ్రా. బాయిపనోళ్ల ఇండ్లల్ల గంతే. ఇంటికొక్కటే కార్డు, అందరికి అదే నంబరు."

"యూసుఫ్ అంటే?"

"ఇఖ్రా వాళ్ల అన్న. వాడికీ గిదే బీమారి. నిన్న ఇద్దర్నీ తోల్కొచ్చిన."

మమతారాణి రమ వైపు తిరిగింది. "పాపది ఏ గ్రూపు?"

"ఓ పాజిటివ్. తెర మీద బీ పాజిటివ్ చూపెట్టింది."

"యూసుఫ్‌ది?"

"బీ పాజి..." రమ నుదురు కొట్టుకుంది. "అయ్యో! వాని పేరు నొక్కినంకనే పాప పేరు నొక్కిన."

"తప్పుగ వచ్చింది పాప వాళ్ల అన్న గ్రూపని కంపెనీల ఎవలకన్న చెప్పినవా?"

"నాకే ఇప్పుడు సమజైంది మేడం! ఎవ్వలకని చెప్త?"

తన్వీర్ చేతిలోని బత్తాయి తొన చేతిలోనే ఉండిపోయింది. పొద్దున ఆఫీసులో విన్న మాట అతనికి అప్పుడు గుర్తొచ్చింది.

తిరుగు దారిలో, నస్పూర్ దగ్గర భానుప్రసాద్ ఫోన్ చేశాడు. కంప్లయింటు పట్టుకుని స్టేషన్‌కు బయలుదేరుతున్నానన్నాడు. "ఆగుండ్రి. అందర్ని హాల్ల కూసోబెట్టుండ్రి," అని మమతారాణి ఫోను పెట్టేసింది. పొద్దు వాలుతోంది. లారీలు దారివ్వడం లేదు. సుల్తానాబాద్ దాటేదాకా తన్వీర్ హారన్ కొడుతూనే ఉన్నాడు.

* * *

హాల్లో ముగ్గురూ ఉన్నారు. అలేఖ్య ఏడ్చి ఏడ్చి కళ్లు వాచి ఉంది. మమతారాణి ఆమెనే కంప్యూటర్ ముందు కూర్చోబెట్టింది.

"ఉత్తుత్తి పేర్లతోని ఒక అన్న, ఒక చెల్లె. ఇద్దరికి ఒక్కటే కార్డు. ముందు అన్న పేరు నొక్కు."

బీ పాజిటివ్ అని వచ్చింది.

"ఇప్పుడు చెల్లె పేరు."

పేరు మారింది. గ్రూపు మాత్రం బీ పాజిటివే ఉంది. భానుప్రసాద్ కుర్చీలోంచి లేచాడు.

"నకలు కార్డు నంబరు మీద దాసిన్రు. కరీంనగర్‌ల కూసున్నోళ్లకు మనిషికొక నంబరు ఉంటదనుకుంటరు. బొగ్గుబాయి ఇండ్లల్ల ఇంటికొక నంబరు. అన్న నకలు చెల్లెకొచ్చింది. అలేఖ్యా, నీ చెకింగ్ మళ్ల పెట్టు."

అలేఖ్య చెకింగ్ మళ్లీ పెట్టింది. ఈసారి చెల్లెలి పేరు నొక్కగానే తెర ఆగిపోయి, అడ్డంగా ఎర్రపట్టీ పడింది. అడిగింది ఎవరి వివరాలో, వచ్చింది ఎవరివో పేర్లతో సహా చెబుతోంది.

"ఊర్కె వచ్చిన కోడ్ అన్నరు సార్. అది దాని పని అది చేసింది. దాని నోరు ఎవలో మూసిన్రు." మమతారాణి సాయిచంద్ ఎదుట నిలబడింది. "పొద్దున మీరు నాతోని, 'అన్న గ్రూపు చెల్లెకు చూపెడ్తుంటే' అని అన్నరు. దవాఖానవాళ్లు తప్పు గ్రూపని తప్ప ఇంకేం చెప్పలే. ఆ గ్రూపు పాప వాళ్ల అన్నదని నర్సుకు గూడ మధ్యాహ్నం దాక తెల్వదు. మీకు పొద్దున్నే ఎట్ల తెలిసింది?"

సాయిచంద్ నవ్వబోయాడు. నవ్వు రాలేదు.

"నేను చెప్పనా? బతుకమ్మ నాడు, గీ హాల్ల, గీ కంప్యూటర్ మీద మీరు యాప్ నడిపి చూసిన్రు. బెల్లంపల్లి పిల్లలిద్దరి పేర్లు వరుసగ నొక్కిన్రు. ఎర్రపట్టీ పడ్డది. ఒక్కటే కార్డు మీద ఇద్దరి పేర్లు చూపెట్టి, అన్నా చెల్లెండ్లని మీకు చెప్పింది అదే. కార్డు నంబరు మీద దాసుడు మీ తప్పు. దాన్ని ఒప్పుకునుడు కన్న చెకింగ్ తీసేసుడు అల్కగ అనిపించింది. అలేఖ్య పేరుతోని తెరిచి ఉండె, ఇంకేం కావాలె?"

"నేను తిండికి బయటికి పోయిన ఆనాడు," అన్నాడు భానుప్రసాద్ నెమ్మదిగా. "నువ్వొక్కనివే ఉన్నవు గదరా."

సాయిచంద్ తల దించుకున్నాడు. "సార్లు వచ్చిపోయినంక సరిచేద్దామనుకున్న మేడం. తర్వాత చెప్పనీకి మొఖం చెల్లలే. ఎర్రపట్టీ పడితే తెల్లారి పరువు పోతుండె."

"పడక పాప పోతుండె," అంది మమతారాణి.

భానుప్రసాద్ కంప్లయింటు కాగితంలో అలేఖ్య పేరు కొట్టేసి, ఆ చోట సాయిచంద్ పేరు రాశాడు. "తప్పు మాట్లాడిన బిడ్డా..." అని ఏదో చెప్పబోయాడు. అలేఖ్య అతని మాట వినడం లేదు. అప్పటికే తన్వీర్‌ను నంబరు అడిగి, బెల్లంపల్లి నర్సుకు ఫోన్ కలిపింది.

"రమక్కా, ఇప్పుడు ఎర్రపట్టీ మళ్ల పడ్తది. పడితే పరేషాన్ కాకుండ్రి, అది మంచికే. నకలు సంగతి సరిచేసేదాక తెరను నమ్మకుండ్రి. కార్డు ఒక్కటే ఉన్న ఇండ్లన్నిట్ల గిట్లనే అయితది, వార్డుల అందరికి చెప్పుండ్రి."

"చెప్త. ఇంతకీ నువ్వెవలు చెల్లే?"

నిన్నటి నుంచి తన పేరు చెప్పుకోవడానికే వణికిన పిల్ల ఈసారి జంకలేదు. "అలేఖ్యనక్కా. ఎర్రపట్టీ పెట్టింది నేనే."

ఫోను పెట్టేసి, అప్పుడు కుర్చీలో వెనక్కి వాలి, కళ్లు మూసుకుంది.