ఏడో మలుపుకి ముందే

కారు పదకొండోసారి ఆగిపోయిన గంటకి ఏజెంట్ పందొమ్మిదికి ఆర్డరు అందింది. తెచ్చినవాడు నిప్పార్పే సిలిండర్లు చెక్ చేయడానికి వచ్చిన ఇన్‌స్పెక్టరు. నీలం యూనిఫాం, ముక్కు మీదికి జారిన కళ్ళద్దాలు, చేతిలో అట్ట.

"ఈ సిలిండరు ఎప్పుడు నింపారమ్మా?"

"పోయిన వానాకాలం."

"తుప్పు పట్టిందా?"

"అడుగున మాత్రమే."

కోడ్ సరిపోయింది. కళ్ళద్దాల వెనకున్న పెద్దసారు గొంతు తగ్గించాడు.

"రెండు ముక్కలూ దాటిపోయాయి. మొదటిది రెండోరోజు, రెండోది నాలుగోరోజు. మూడోది ఇవాళ పొద్దున ల్యాబ్ లాకర్లోంచి మాయమైంది."

పందొమ్మిది సిలిండరు మీది దుమ్ము తుడుస్తున్నట్టు వంగింది. ఒకప్పటి విమానాల మైదానం అది. మధ్యలో నౌకాదళం రాడార్ల ల్యాబ్, చుట్టూ రేసు ట్రాక్, రెంటికీ కలిపి ఒకే కంచె, ఒకే గేటు. బయటికి పోయే ప్రతి మనిషినీ చెప్పులు విప్పించి మరీ వెతుకుతున్నారు. అయినా సరే, రాడార్ల సీక్రెట్ కోడ్‌లో మూడింట రెండు వంతులు ఆవిరైపోయినట్టు పోయింది.

"రెండు ముక్కలుంటే చిత్తుకాగితం," అన్నాడు పెద్దసారు. "మూడూ కలిస్తే మన తీరంలో ఏ రాడారుని ఎప్పుడు గుడ్డిదాన్ని చెయ్యొచ్చో వాళ్ళకి తెలిసిపోతుంది. సాయంత్రం ఐదింటికి కార్ల టెస్టింగ్ అయిపోతుంది, ఎవరి దారిన వాళ్ళు పోతారు. ఐదులోపే దాటిస్తారు. నేను గేటు దగ్గరుంటాను."

"ముత్యాలు ఏమంటోంది?"

"టైర్లవాళ్ళ మీద కన్నేయమంటోంది."

"నాలుగు రోజులుగా వేసే ఉంచాను సార్. వాళ్ళు దొంగిలించేది బిస్కెట్లే."

పెద్దసారు నవ్వలేదు. సిలిండరుకి ఓకే స్టిక్కరు అంటించి వెళ్ళిపోయాడు.

'ముత్యాలు' అంటే స్పాన్సర్ కంపెనీ తరఫున వచ్చిన మేడం. తెల్ల సూటు, మెడలో మూడు వరసల ముత్యాలు. ఆవిడ నడిచి వెళ్తే చేతిలో స్పానరున్నవాడు ఏ నట్టు తిప్పుతున్నాడో మర్చిపోయేవాడు. విదేశీ ముఠాలో ఉంటూ మనకి కబుర్లు చేరవేసే డబుల్ ఏజెంట్ అని ఆఫీసు నమ్మకం. గ్యారేజీకి మాత్రం ఆవిడే ఆఖరి ఆశ. రేసు దూరం యాభై ఏడు ల్యాప్‌లు. కారు ఒక్కసారైనా, ఎక్కడా ఆగకుండా, ఆ దూరం తిరిగితే ఈ సీజన్‌కి సంతకం పెడతానంది. లేకపోతే షట్టరు దించేయడమే. ముప్ఫై మంది ఇళ్ళకి.

తక్కిన టీములు రోజుకి నూరేసి ల్యాప్‌లు కొట్టేస్తున్నాయి. ఈ కారు ఆరు రోజుల్లో కూడబెట్టినవన్నీ కలిపినా డెబ్భై దాటలేదు. ఒకసారి గేర్‌బాక్సు, ఒకసారి వాటర్ పంపు. ఒకసారి పొగ రావడానిక్కూడా ఓపిక లేనట్టు గ్యారేజీల ముందున్న పిట్ లేన్ చివరే కూలబడింది. పక్క గ్యారేజీవాళ్ళు మొదట్లో నవ్వారు, తర్వాత జాలిపడ్డారు, ఇప్పుడు చూడటమే మానేశారు.

ఈ గ్యారేజీలో పందొమ్మిది పేరు చార్టమ్మ. ల్యాప్ చార్టు రాయడం ఆమె వేషం. ల్యాపు, టైము, ఆగిన చోటు, కారణం అని నాలుగు గళ్ళు. ఎవరూ చదవని ఆ కాగితాన్ని ఆమె గీత తప్పకుండా నింపేది. వేషమే కదా అని పనిలో వంకర రానిస్తే ఆమెకి నిద్ర పట్టదు.

"అమ్మాయ్, పదకొండోదానికి కారణం ఏం రాశావు?" కారు కింద నుంచి మేస్త్రి గొంతు.

"హైడ్రాలిక్ లీకు అని రాశాను మేస్త్రిగారూ."

"ఖర్మ అని రాస్తే సరిపోయేది. నాలుగక్షరాలు మిగిలేవి."

ఆయన హెడ్ మెకానిక్. నలభై ఏళ్ళుగా ఇంజన్ల మధ్యే బతికినవాడు. కారు నడిపేది సొంత అల్లుడు. దాంతో గ్యారేజీ మొత్తానికి అతను అల్లుడే. ఎవరేమన్నా తిరిగి అనగలడు గానీ రేడియోలో మామగారు మాట్లాడితే మాత్రం ఎదురు చెప్పడు. దానికి కారణం మేస్త్రి మొదటిరోజే చార్టమ్మకి చెప్పాడు.

"లోపలున్నవాడికి వెనకేమవుతోందో కనబడదు తల్లీ. వాడి ప్రాణం నా మాట మీదుంటుంది. అందుకే ఇన్నేళ్ళలో డ్రైవరు చెవిలో ఒక్క అబద్ధం వెయ్యలేదు. ఇంట్లో వేస్తాను, అది వేరు."

మధ్యాహ్నం రెండున్నరకి మేడం కిందికొచ్చింది. వెంట ఒక చిన్న నల్లపెట్టె. స్పాన్సర్‌వారి కెమెరా. సీటు వెనక బిగించాలి.

"మళ్ళీ కొత్తదా?" అన్నాడు మేస్త్రి.

"పాతదాంట్లో బొమ్మ సరిగ్గా రావట్లేదండీ," అని మేడం నవ్వింది. చార్టమ్మ పక్కనుంచి పోతూ మెల్లగా, "టైర్లు," అంది.

మూడింటికి కారు ట్రాక్ మీదికి పోయింది.

పది ల్యాప్‌లు. ఎవరూ ఆశపడలేదు. ఇరవై. గ్యారేజీలో మాటలు తగ్గాయి. ముప్ఫై ఒకటి దాటగానే వైరింగ్ చూసే కుర్రది లెక్క పైకి అనబోతే మేస్త్రి చెయ్యెత్తాడు. "అనకు. దిష్టి తగులుతుంది." నలభై. టైర్లవాళ్ళు బిస్కెట్లు నమలడం ఆపేశారు. నలభై ఎనిమిదో ల్యాపులో మేస్త్రి తన స్టూలు మీంచి లేచి, మళ్ళీ కూర్చోవడం భయమేసి, సగం వంగి అలాగే నిలబడిపోయాడు. ఆయన పెదాలు కదులుతున్నాయి. దేవుణ్ణి అడుగుతున్నాడో గేర్‌బాక్సుని బతిమాలుతున్నాడో తెలియదు.

చార్టమ్మ చెయ్యి అంకెలు రాస్తోంది. కళ్ళు మాత్రం జనం మీద తిరుగుతున్నాయి. నాలుగు గంటల ఇరవై నిమిషాలు. మూడో ముక్క ఇంకా కంచె లోపలే ఉంది. ఎవడి జేబులో? ఏ టైరులో? ఆమెకి ఒక్క దారీ కనబడలేదు. ఇలాంటి మిషన్లలో ఓడిపోవడం ఎలా ఉంటుందో ఆమెకి తెలుసు. 

కారు యాభై ఆరో ల్యాపు ముగించి, పిట్‌ల ముందు నుంచి దూసుకుపోయింది. ఇంకొక్కటే. గ్యారేజీ అంతా ట్రాకుని ఆనుకున్న పిట్ వాల్ దగ్గరికి పరుగెత్తింది.

చార్టమ్మ అంకె రాసి తలెత్తి మానిటరు చూసింది. ఒక మూలన చిన్న గడిలో ఏడో మలుపు. పక్కన బాటలో, ఆగిన కార్లని ఎత్తుకొచ్చే ట్రక్కు. దాని కొక్కెం దించి ఉంది. ఇద్దరు మనుషులు కారు మీద కప్పే పెద్ద గుడ్డని మడతలు విప్పి పట్టుకుని నిలబడ్డారు.

చుట్టం గుమ్మంలో అడుగు పెట్టకముందే కంచంలో అన్నం వడ్డించేసినట్టు.

నడుస్తున్న కారుకి గుడ్డ ఎందుకు విప్పారు?

ఆమె చార్టు వెనక్కి తిప్పింది. రెండోరోజు, సాయంత్రం ఆఖరి ల్యాపు. ఆగిన చోటు, ఏడో మలుపు. కారణం గడిలో మేస్త్రి మాటలే రాసుకుంది: 'తెలియదు. గ్యారేజీకి తెచ్చాక ఒక్క నొక్కుకే స్టార్టయింది.' నాలుగోరోజు, ఆఖరి ల్యాపు. ఏడో మలుపు. 'తెలియదు.' తక్కిన తొమ్మిదీ ట్రాకంతా చల్లినట్టున్నాయి, ప్రతిదానికీ కారణముంది. ఈ రెండే ఒకేచోట. ఆ రెండురోజులూ కొత్త నల్లపెట్టె బిగించారు. ఆ రెండురోజులే ముక్కలు దాటాయి.

ట్రాకంతా కంచె లోపలే. ఒక్క ఏడో మలుపు దగ్గర మాత్రం రేసుకార్లు తప్ప ఎవరూ పోని సందులోంచి కంచె అవతలికి పొడుచుకుపోయి, మళ్ళీ లోపలికి వస్తుంది. అక్కడి ట్రక్కు గేటులోంచి రాదు, పోదు. దాన్నెవరూ వెతకరు. దాని మీద మనుషులు మారేది సాయంత్రం ఆఖరి షిఫ్టుకే.

చార్టమ్మ పైకి చూసింది. గ్యారేజీల మీది అంతస్తులో అద్దాల గది. అద్దం వెనక తెల్ల సూటు. మేడం చేతిలో స్టాప్‌వాచీ, మీట మీద బొటనవేలు. వచ్చిన రోజున 'ల్యాపంటే ఒక చుట్టేనా?' అని అడిగిన మనిషి. ఏనాడూ ఒక్క టైము అడగని మనిషి. అది వాచీ కాదు. నొక్కితే పెట్టె పెట్రోలు సరఫరా కోసేస్తుంది. కారు తనంతట తను చచ్చి, గుడ్డ కింద పెట్టె మారిపోయి, గ్యారేజీకొచ్చి తనంతట తనే బతుకుతుంది.

ఆమె పెన్ను మూత తిప్పింది. "పందొమ్మిది. ముత్యాలు మనది కాదు. సరుకు కారులో ఉంది. ఏడో మలుపు దగ్గర బయటికి పోతుంది."

"గేటు నుంచి పది నిమిషాలు పడుతుంది," అంది పెన్ను.

"నా దగ్గర నలభై సెకన్లే ఉన్నాయి సార్."

మేడ మెట్లెక్కడానికే రెండు నిమిషాలు. ఆమె మేస్త్రి చెయ్యి పట్టుకుంది. గట్టిగా.

"మేస్త్రిగారూ, కారు ఆపించండి. ఏడో మలుపుకి ముందే."

ఆయనకి అర్థం కాలేదు. మొహం మీద ఇంకా వెలుగుంది. "ఏంటమ్మాయ్, ఇంకొక్క నిమిషం..."

"నేను చార్టులు రాసే మనిషిని కాను. ఆ కెమెరా పెట్టెలో దేశం రహస్యం ఉంది. ఏడో మలుపు దగ్గర మేడం దాన్ని ఆపేస్తుంది. రెండోరోజు, నాలుగోరోజు ఎలా ఆగిందో గుర్తు చేసుకోండి."

మేస్త్రి ఆమెని చూశాడు. తర్వాత మానిటరులో విప్పి ఉన్న గుడ్డని. నలభై ఏళ్ళ మెకానిక్కి ఇంకేం చెప్పక్కర్లేదు. కారణం లేకుండా ఆగిన ఇంజను ఆయన్ని నాలుగు రోజులుగా నిద్రపోనివ్వలేదు.

"మూడో మలుపు దాటాడు," అన్నాడు, ఎవరికో చెప్తున్నట్టు.

"రేడియో అందరూ వింటారు. కారణం చెప్పడానికి లేదు."

"ఊరికే ఆపమంటే వాడు ఆపడమ్మా. ఆఖరి ల్యాపులో ఎవడాపుతాడు? ఎందుకు మామయ్యా అంటాడు. ఆ ఎందుకులోనే ఏడో మలుపు వచ్చేస్తుంది."

నాలుగో మలుపు.

మేస్త్రి హెడ్‌సెట్ మైకు నోటి దగ్గరికి తెచ్చుకున్నాడు.  గొంతు వణకలేదు.

"అల్లుడూ, వెనక నిప్పు. ఆపి దూకెయ్."

ఎందుకని అతను అడగలేదు. ఐదో మలుపు దాటాక కారు గడ్డిలోకి జారి ఆగింది. అల్లుడు బయటికి దూకి, ట్రాక్ పక్కనున్న సిలిండరు లాగి, లేని మంట మీద తెల్లని నురుగంతా కుమ్మరించాడు. కంచెకి లోపల, మూడొందల గజాల ఇవతల.

పిట్ వాల్ దగ్గర తిట్టడానిక్కూడా ఎవరికీ ఓపిక లేదు. ఒక్కొక్కరే వెనక్కి తిరిగారు.

పైన అద్దం వెనక మేడం మీట నొక్కింది. మళ్ళీ నొక్కింది. ఆగిన కారుని ఆపడం ఎవరి తరం?

పది నిమిషాలకి నిప్పార్పే ఇన్‌స్పెక్టరు ఆరుగురు మనుషులతో వచ్చాడు. మేడం పారిపోలేదు. మెట్లు దిగి వస్తూ చార్టమ్మ ముందు ఆగింది.

"ఆరు రోజులుగా పదిహేను ల్యాప్‌లు గతిలేని బండి. ఇవాళ కూడా మధ్యలో ఛస్తుందేమోనని గంటన్నర సేపు నేను ఎలా కూర్చున్నానో నీకు తెలియదు."

"మేమూ అలాగే కూర్చున్నాం," అంది చార్టమ్మ.

నల్లపెట్టె విప్పారు. లోపల కెమెరా లేదు. గోరంత చిప్పు ఉంది. ట్రక్కుని పెద్దసారు మనుషులు పొలిమేర దాటకుండా పట్టుకున్నారు. పేపర్లో ఒక్క ముక్క రాదు. ఎవరికీ ఏమీ చెప్పకూడదని మేస్త్రి చేత కూడా కాగితం మీద సంతకం పెట్టించారు. ఈ సీజన్‌లో ఆ గ్యారేజీ చూసిన సంతకం అదొక్కటే.

అల్లుడు నడిచి వచ్చాడు. బూట్ల నిండా నురుగు. కారు చుట్టూ రెండుసార్లు తిరిగి చూసి వచ్చినట్టున్నాడు.

"ఎక్కడ మామయ్యా నిప్పు?"

మేస్త్రి చేతిగుడ్డతో స్పానరు తుడుస్తున్నాడు.

"ఎక్కడా మసి కూడా లేదు. గొట్టాలన్నీ చల్లగా ఉన్నాయి. ఎక్కడ?"

"పొరపాటు పడ్డాను."

"మీరా?" అల్లుడు హెల్మెట్ బల్ల మీద పెట్టాడు. విసిరేసినా బాగుండేది. "మా పెళ్ళప్పుడు కూడా మీ మాట వినలేదు. ఇవాళ విన్నాను." బయటికి వెళ్ళిపోయాడు.

గ్యారేజీ ఖాళీ అయింది. టూల్ పెట్టెలు మూస్తున్న చప్పుడు కూడా ఆగిపోయింది. మేస్త్రి తన స్టూలు మీద కూర్చున్నాడు. చార్టమ్మ ఎదురుగా నిలబడింది. బ్యాడ్జీ తీసేసింది గానీ పెన్ను ఇంకా చేతిలోనే ఉంది.

"యాభై ఏడూ తిరిగి ఉంటే?" అన్నాడాయన.

"ఆవిడ కంపెనీ అబద్ధం మేస్త్రిగారూ. సంతకం ఎప్పటికీ పడేది కాదు."

ఆయన తల ఊపాడు. అంతలోనే తలెత్తాడు. కళ్ళలో చిన్న మెరుపు. ఆమె ఆ మెరుపుకే భయపడుతోంది.

"పోనీ, ఆ పదకొండుసార్లు ఆగడం... అదంతా ఆ ముఠా పనేనా? అంటే మన బండిలో లోపం లేనట్టేనా? అల్లుడికి చెప్పను. నాకు చాలు, నేను తెలుసుకుంటే చాలు."

అబద్ధం చెప్పడం ఆమె వృత్తి. ఆరు రోజులు ఈయన పక్కనే కూర్చుని చెప్పింది. ఇంకొక్కటి చెప్తే పోయేదేముంది? కానీ ఆయనకి చార్టు చదవడం వచ్చు.

"రెండే వాళ్ళవి."

"మిగతా తొమ్మిదీ?"

"మనవే."

మేస్త్రి ఆ కారుని చూశాడు. నురుగు ఆరి, రంగు మీద చారలు కడుతోంది.

"మనకి శత్రువులు అక్కర్లేదమ్మా," అన్నాడు.

ఆమె చార్టు తెరిచింది. ల్యాపు, యాభై ఏడు. ఆగిన చోటు, ఐదో మలుపు దాటాక. నాలుగో గడి దగ్గర పెన్ను ఆగింది.

"కారణం ఏం రాయమంటారు?"

"ఉన్నదే రాయి. ఆగమన్నాం, ఆగింది." మేస్త్రి లేచి షట్టరు తాడు అందుకున్నాడు. "ఇది మన మాట వినడం ఇదే మొదటిసారి."