చెరిగిపోయిన మూడు అంకెలు

పదహారేళ్ళుగా బండ్లకు నంబరు ప్లేట్లు చేస్తున్నాను. ముందు గదిలో కౌంటరు, వెనక వ్యాను పట్టేంత షెడ్డు. రేకు కోయడం, షీటు అతికించడం, అంకెలు వేయడం, అన్నీ నేనే. రూలు ప్రకారం చేసే ప్లేటు ముక్కుసూటిగా ఉంటుంది. లావు అంకెలు, వాటి మధ్య తగినంత ఎడం. అది ఎవరికీ నచ్చదు. వాలు అంకెలు కావాలి, వాటికి నీడలు కావాలి, అద్దంలా తళతళలాడే షీటు కావాలి. అడిగిన వాళ్ళందరికీ చేసిపెట్టాను. వాటికి పుస్తకంలో రాతా కోతా ఉండవు. నేనేం సుద్దపూసనని చెప్పుకోను.

అలాంటి ప్లేటున్న కారే మా అక్కని గుద్ది చంపేసి, ఆగకుండా పోయింది.

ఆ సాయంత్రం వాన. బావ తన డెలివరీ వ్యాను రోడ్డు పక్కన ఆపుకుని కూర్చున్నాడు. అక్క గొడుగు వేసుకుని అతని దగ్గరికే వస్తోంది. అంతా వ్యాను అద్దానికున్న కెమెరాలో పడింది, నంబరు తప్ప. వ్యాను హెడ్‌లైటు వెలుగు ఆ మెరుపు షీటు మీద పడి తిరిగి కెమెరా కంట్లోనే కొట్టింది. ముందున్న అక్షరాలు తెలుస్తున్నాయి, చివరి ఏడు తెలుస్తోంది. వాటి మధ్య మూడు అంకెలు తెల్లగా అలుక్కుపోయాయి. మూడో, ఆరో, ఎనిమిదో, తొమ్మిదో, సున్నానో చెప్పడం ఎవరి తరమూ కాలేదు.

"నూట పాతిక బండ్లవుతాయమ్మా," అన్నాడు ఇన్‌స్పెక్టరు. "ఎన్ని గుమ్మాలు తొక్కమంటారు? శుక్రవారం ఫైలు మూసేస్తున్నాం. గుండె రాయి చేసుకోండి."

నాకు ఒళ్ళు మండింది. నా గుండెని ఏం చేసుకోవాలో ఈయన చెప్పాలా? ఇంటికొచ్చి ఆ వీడియో ఆపి ఆపి చూశాను. ప్లేటు అంచున జంట గీత ఉంది. స్క్రూ ఒక అంకె పొట్టలోకే దించి ఉంది. స్క్రూకి విడిగా చోటు వదిలితే రేకు పెద్దది కోయాలి, అందుకని అంకెలోనే దించేస్తాను. మా ఊళ్ళో అలా చేసేది నేనొక్కదాన్నే. ఆ ప్లేటు నా చేతిదే.

గురువారం పొద్దున బావ చేత వ్యాను షెడ్డులో పెట్టించాను. ఎదురుగోడకి అదే షీటుతో, అదే జంట గీతతో ఒక ప్లేటు బిగించాను. షట్టరు దించాను. బయట ఎండ దంచేస్తున్నా లోపల చేతికి చెయ్యి కనిపించనంత చీకటి. రంగు వాసన, రబ్బరు వాసన. హెడ్‌లైటు వేయించి, అంకెలు మార్చడం, వ్యాను ఎక్కి కెమెరా తెరలో చూడడం, ఆ వీడియోలోంచి తీసుకున్న ఫొటోలోని తెల్లమరకతో పోల్చడం. మెరుపు షీటు మీద ఒక అంకె వెలుగు పక్క అంకె మీద కూడా పడుతుంది కాబట్టి మూడూ కలిపి మార్చాల్సిందే. ఎక్కి దిగి, ఎక్కి దిగి మోకాళ్ళు పట్టేశాయి.

"వదిలెయ్యమ్మా," అన్నాడు బావ గొంతు తగ్గించి. "పోయిన మనిషి తిరిగి రాదు."

"వాడు కూడా అదే అనుకుంటున్నాడు బావా. అందుకే హాయిగా తిరుగుతున్నాడు."

అరవై నంబర్ల దాకా అయ్యాయి. మూడు, ఎనిమిది, ఆరు పెట్టి వచ్చి తెరలో చూశాను. మరక అచ్చం అదే. ఎనిమిది పొట్టలో స్క్రూ నీడ కూడా అక్కడే పడింది. "బావా, దొరికింది," అనబోయాను.

తెరలో ప్లేటుకి రెండు వైపులా ఎర్రదీపాలు వెలిగాయి.

తలెత్తి అద్దంలోంచి చూశాను. గోడ. గోడకి ప్లేటు. అంతే. మళ్ళీ తెర చూశాను... ఎర్రదీపాలు. వాటి మీద వాన పడుతోంది. తడిసిన తారురోడ్డు వాసన షెడ్డంతా కమ్ముకుంది. బావ చెయ్యి నా మోచేతిని పట్టుకుంది. మంచుముక్కలా ఉంది.

"ఆపెయ్... కెమెరా ఆపెయ్..."

తెరలో కారు కొంచెం ముందుకు పోయింది. ఆగింది. ఎర్రదీపాల పక్కన తెల్లదీపాలు వెలిగాయి.

వెనక్కి వస్తోంది... మా మీదికి.

వ్యాను ఒక్కసారి ఊగింది. నాకు భయం వేయలేదని చెప్తే అబద్ధం. కానీ భయం కంటే ముందు కోపం వచ్చింది. నా చేత్తో చేసిన ప్లేటు. మా అక్కని మింగింది చాలక, ఇప్పుడు నన్ను కూడా బెదిరించి నోరు మూయిస్తుందా? తలుపు తీసుకుని దిగాను. నేరుగా గోడ దగ్గరికి నడిచి, ప్లేటుకి వీపు ఆనించి నిలబడ్డాను.

"అక్కడ వద్దు..." బావ వ్యానులోంచే అరిచాడు. అతని కళ్ళు తెర మీదే ఉన్నాయి. "నీ వెనకే ఉంది... ఆనుకునే ఉంది..."

మెడ మీద వేడిగా పొగ తగిలింది. నేను కదల్లేదు. ముందున్న అక్షరాలు చదివాను. మూడు అన్నాను. ఎనిమిది. ఆరు. ఏడు. గొంతు చిరిగేలా మళ్ళీ చదివాను. మూడోసారి చదివేటప్పటికి వాన చప్పుడు ఆగిపోయింది.

షట్టరు ఎత్తితే బయట రెండు గంటల ఎండ. నేల పొడిగా ఉంది.

కెమెరాలోది, ఫొటోలోది పక్కపక్కన పెట్టి చూపిస్తే ఇన్‌స్పెక్టరు ఈసారి నీతులు చెప్పలేదు. చీకటి పడకముందే ఫోను చేశాడు.

"కారు దొరికిందమ్మా. ముందు భాగం నలిగి ఉంది. వాళ్ళింటి షెడ్డులో పెట్టి, బ్యాటరీ కూడా తీసేశాడు. మేం అడగక ముందే ఒప్పేసుకున్నాడు. ఒక మాట... అతను తిక్కతిక్కగా మాట్లాడుతున్నాడు. అప్పటినుంచీ వెనక సీట్లో కూర్చునే ఉన్నారట. ఇవాళ మధ్యాహ్నం రెండింటికి డోరు తీసుకుని ఇద్దరూ దిగిపోయారట."

"ఇద్దరా?"

"మేమూ అదే అడిగాం. గొడుగున్నావిడ మీ అక్కే. రెండో మనిషి ఎవరో చెప్పమంటే నోరు విప్పడం లేదు. ఏడుస్తున్నాడు. ఆ కారు మీద మా దగ్గర ఇంకో ఫైలేమీ లేదమ్మా."

ఫోను పెట్టేశాను. బావ గోడకి చేరగిలబడి అక్క పేరు పిలుస్తూ ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. తరవాత లేచి మెరుపు షీటు చుట్టలన్నీ కత్తిరతో ముక్కలు చేశాను.

మర్నాడు పొద్దున్నే షాపు తెరవొద్దని బావ ఎంత బతిమాలినా వినలేదు. తాళం తీసి షట్టరు ఎత్తాను. లోపల గోడకి నేను బిగించిన ప్లేటు అలాగే ఉంది. అంకెలు మాత్రం మారిపోయాయి. అన్నీ అలుక్కుపోయి ఉన్నాయి, ఒక్క అంకె కూడా తెలియడం లేదు. దాని కింద నేల మీద ఎవరో చాలాసేపు నిలబడ్డట్టు రెండు తడి పాదాల గుర్తులు. మా అక్కవి కావు. ఇవి చాలా చిన్నవి, పసిపిల్లవి.

లోపలికి వెళ్ళి, షట్టరు దించి, లైటు వేశాను.

"ఉండు తల్లీ," అన్నాను. "నీదీ చదువుతాను, నువ్వెవరివో తేలేదాకా."